200 ఎంజీ కెఫీన్ మాత్రలు: పనిచేస్తాయి, కానీ మందులాగే చూడండి

నైట్ డ్యూటీలు చేసేవాళ్ళు, పరీక్షలకి తెల్లార్లూ చదివేవాళ్ళు, రాత్రుళ్ళు బండి నడిపేవాళ్ళు ఈ మాత్రల గురించి నన్ను అడుగుతూనే ఉంటారు, ప్రతీసారీ విడిగా చెప్పే బదులు ఒకచోట రాసేస్తే పోతుంది కదా అని కూర్చున్నా. బ్రాండ్ పేరు రాయట్లేదండి, ఎందుకంటే ఏ కంపెనీ డబ్బా తీస్కున్నా లోపల మందు అదే, మాత్రకి 200 ఎంజీ కెఫీన్, మిగతాదంతా మాత్ర గట్టిగా నిలబడటానికి కలిపే పొడి. విటమిన్లు, మూలికలు, ఇంకేవో పేర్లు కలిపి "ఎనర్జీ ఫార్ములా" అని అమ్మేవి వేరే రకం, వాటి జోలికి నేను పోను, ఈ రివ్యూ ఒట్టి కెఫీన్ మాత్ర గురించి మాత్రమే.

నేను నెల తక్కువ పిల్లల ఐసీయూలో నర్సుని. మా వార్డులో కెఫీన్ రోజూ ఇచ్చే మందు, అదీ కిలో బరువు కూడా లేని పసికందులకి. అందుకే ఈ మాత్ర గురించి నాకు కొంచెం పట్టింపు ఎక్కువ, రాత్రి డ్యూటీలో నేనూ వాడతాను, వార్డులో అదే మందుని ఎంత తూకంగా ఇస్తామో కూడా రోజూ చూస్తాను, బయట జనం దాన్ని చాక్లెట్ బిళ్ళలాగా నోట్లో వేస్కుంటుంటే ఊరుకోలేను.

ముందు మాత్ర సంగతి. నేను వాడేది తెల్లగా, గుండ్రంగా, మధ్యలో గీతతో ఉంటుంది, పైన పూత లేదు, నాలుకకి తగిలితే చేదు గొంతు దాకా దిగుతుంది. ఆ గీత ఉండటం నా దృష్టిలో ఈ ప్రాడక్ట్‌లో అన్నిటికన్నా మంచి విషయం. గోరు పెట్టి నొక్కితే రెండు ముక్కలు సమంగా విరుగుతాయి, ఒక్కో ముక్క 100 ఎంజీ, నాకు ఆ సగమే చాలు. 240 ఎంఎల్ కప్పు ఫిల్టర్ కాఫీలో ఉండేది సుమారు 95 ఎంజీ, అంటే సగం మాత్ర ఒక కప్పు, పూర్తి మాత్ర రెండు కప్పులు ఒకేసారి గటగటా తాగినట్టు. గీత లేని మాత్రలూ, క్యాప్సూల్సూ కూడా దొరుకుతాయి, వాటిని సగం చేస్కునే దారి లేదు కాబట్టి నేను కొనను, మీకూ కొనమని చెప్పను.

వేస్కున్నాక అరగంట నుంచి గంట లోపు పట్టు తెలుస్తుంది. ఎగిరి గంతేసే హుషారు ఏమీ రాదు, అలాంటిది ఆశించి కొంటే నిరాశే. రెప్పలు వాలడం ఆగుతుంది, చదివిన లైనే మళ్ళీ చదవడం తగ్గుతుంది, మందుల చార్టు మీద కన్ను నిలుస్తుంది, అంతే. ఆ అంతే చాలా పెద్ద విషయం లెండి, రాత్రి మూడు గంటలకి దశాంశ బిందువు ఎక్కడుందో చూడాల్సిన ఉద్యోగం మాది. షిఫ్టు పని లాంటి పరిస్థితుల్లో జరిగిన ట్రయల్స్‌ని కలిపి చూసిన కాక్రేన్ రివ్యూ 2010లో వచ్చింది, కెఫీన్ తీస్కున్నవాళ్ళు తప్పులు తక్కువ చేశారని అందులో తేలింది. డ్యూటీలో అవకాశం ఉన్నవాళ్ళకి ఇంకో చిట్కా, మాత్ర వేస్కుని వెంటనే ఒక పదిహేను ఇరవై నిమిషాలు కునుకు తీయండి, లేచేసరికి మందు ఎక్కడం మొదలవుతుంది, కునుకూ మాత్రా రెండూ కలిసి పనిచేస్తాయి.

ఇది నిద్రని తీర్చదు, ఆ సంగతి మనసులో పెట్టుకోండి. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది, అది తన గ్రాహకాలకి అతుక్కుంటే మనకి నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ ఆ అతుక్కునే చోట్లని ముందే ఆక్రమిస్తుంది, కానీ అడినోసిన్‌ని తీసేయదు, అది పేరుకుంటూనే ఉంటుంది. మందు దిగిపోయాక అదంతా ఒక్కసారి మీద పడుతుంది, ఆ టైమ్‌లో మీరు ఇంటికి బండి మీద వెళ్తుంటే ప్రమాదం. డబ్బా మీద "అప్పుడప్పుడు మాత్రమే వాడాలి, నిద్రకి బదులు కాదు" అని రాసి ఉంటుంది, అమెరికాలో అయితే ఆ మాట ముద్రించడం రూలే. పెద్దవాళ్ళకి, 12 ఏళ్ళు దాటిన పిల్లలకి 100 నుంచి 200 ఎంజీ, మళ్ళీ వేస్కోవాలంటే కనీసం మూడు నాలుగు గంటల ఎడం, ఇదీ అక్కడి లేబుల్ లెక్క. నాకైతే 12 ఏళ్ళ పిల్లలకి ఈ మాత్ర ఇవ్వడం అస్సలు నచ్చదు, లేబుల్ ఒప్పుకున్నా సరే. యూరప్ ఫుడ్ సేఫ్టీ సంస్థ 2015లో ఇచ్చిన లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి ఒక్కసారికి 200 ఎంజీ దాకా, రోజు మొత్తం మీద 400 దాకా ఫర్వాలేదు, గర్భిణులకి రోజు మొత్తానికి 200. రోజు మొత్తం అంటే మాత్రలు ఒక్కటే కాదు, కాఫీ, టీ, కూల్‌డ్రింక్, ఎనర్జీ డ్రింక్, తలనొప్పి మాత్ర అన్నీ కలిపి.

ఇక్కడే లేబుల్ మీద నా మొదటి కంప్లైంట్. ఆ అమెరికా లేబుల్లో "ఒక డోసులో దాదాపు ఒక కప్పు కాఫీలో ఉన్నంత కెఫీన్" అని ఉంటుంది, 200 ఎంజీ మాత్రకీ అదే వాక్యం. అది చదివినవాళ్ళు ఒక కప్పే కదా అనుకుని పక్కన మామూలుగా తాగే కాఫీలు కూడా కానిచ్చేస్తారు, సాయంత్రానికి చేతులు వణుకుతున్నాయి, గుండె దడగా ఉంది అని కంగారు పడతారు.

రెండో కంప్లైంట్ ఇంకా పెద్దది. ఒంట్లో ఇది ఎంతసేపు ఉంటుందో డబ్బా మీద ఎక్కడా రాయరు. మామూలు పెద్దవాళ్ళలో సగం కెఫీన్ పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది, మనిషిని బట్టి కొంచెం అటూఇటూ. అంటే రాత్రి రెండింటికి పూర్తి మాత్ర వేస్కుంటే పొద్దున ఏడింటికి ఇంకా ఒక కప్పు కాఫీ అంత రక్తంలో తిరుగుతూనే ఉంటుంది, డ్యూటీ దిగి పడుకుందామంటే నిద్ర ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి. 2013లో వచ్చిన ఒక స్టడీలో పడుకోడానికి ఆరు గంటల ముందు 400 ఎంజీ ఇచ్చినా గంటకి పైగా నిద్ర తగ్గింది. అందుకే షిఫ్టు మొదటి సగంలోనే వేస్కోవాలి, రెండో సగంలో ఎంత తూగొచ్చినా లేచి నడవడమే, మొహం కడుక్కోవడమే, మాత్ర మాత్రం కాదు.

ఆ 5 గంటలు కూడా అందరికీ ఒకటి కాదు. కెఫీన్‌ని అరగదీసేది లివర్‌లో ఉండే సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్. సిగరెట్ తాగేవాళ్ళలో అది జోరుగా పనిచేస్తుంది, వాళ్ళకి కెఫీన్ దాదాపు రెట్టింపు వేగంతో పోతుంది, వాళ్ళు సిగరెట్ మానేసి కాఫీ అలాగే తాగితే ఒంట్లో కెఫీన్ పెరిగిపోయి వణుకు, చిరాకు వస్తాయి, అదంతా సిగరెట్ మానినందుకే అనుకుంటారు పాపం. గర్భనిరోధక మాత్రలు వేస్కునే ఆడవాళ్ళలో అది ఒంట్లో ఉండే టైమ్ దాదాపు రెట్టింపవుతుంది. గర్భం చివరి నెలల్లో సగం పోవడానికి 15 గంటల దాకా పట్టొచ్చు, అది మాయ దాటి బిడ్డకీ చేరుతుంది, బిడ్డకి దాన్ని అరిగించుకునే శక్తి ఉండదు. సిప్రోఫ్లాక్ససిన్ యాంటీబయాటిక్ వేస్కుంటున్నా, ఫ్లూవాక్సమిన్ అనే మానసిక వైద్యం మందు వేస్కుంటున్నా కెఫీన్ ఒంట్లో బాగా నిలిచిపోతుంది, ముఖ్యంగా ఫ్లూవాక్సమిన్‌తో. ఇవన్నీ డబ్బా మీద పట్టవు అంటారేమో, కనీసం "వేరే మందులు వాడుతుంటే అడగండి" అన్న లైను పెద్ద అక్షరాలతో వేయొచ్చుగా.

ఇప్పుడు మా వార్డు. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కెఫీన్ అంటే జనానికి కాఫీ, ఎనర్జీ డ్రింక్ తప్ప ఇది తెలీదు.

నెల తక్కువ పిల్లలకి మెదడులో ఊపిరి నడిపే భాగం ఇంకా పక్వానికి రాదు, అందుకని ఊపిరి తీస్కోవడం ఉన్నట్టుండి ఆపేస్తారు. 20 సెకన్లు దాటి ఆగినా, అంతకన్నా తక్కువే ఆగి గుండె వేగం, ఆక్సిజన్ పడిపోయినా దాన్ని ఆప్నియా అంటాం. మానిటర్ మోగుతుంది, చూస్తే బిడ్డ రంగు మారుతూ ఉంటుంది, ఇంక్యుబేటర్‌లోకి చెయ్యి పెట్టి అరికాలి మీద వేలితో నెమ్మదిగా రుద్దుతాం, చాలాసార్లు ఆ స్పర్శకే గుర్తొచ్చినట్టు ఊపిరి అందుకుంటారు. కానీ ఎన్నిసార్లని రుద్దుతాం, అందుకే కెఫీన్ సిట్రేట్. అది ఊపిరి కేంద్రాన్ని మేలుకొలుపుతుంది, ఊపిరి లాగే కండరం డయాఫ్రంకి బలం ఇస్తుంది.

దీని తూకం చూడండి. కిలోకి 20 ఎంజీ సిట్రేట్ మొదటి డోసు, అరగంట పాటు నెమ్మదిగా నరంలోకి, తర్వాత రోజుకి ఒక్కసారి కిలోకి 5 ఎంజీ, అవసరమైతే 10 దాకా. మందు ఎంఎల్‌కి 20 ఎంజీ ఉంటుంది, అంటే కిలో బిడ్డకి రోజూ ఇచ్చేది పావు ఎంఎల్. ఒక ఎంఎల్ సిరంజిని లైటుకి ఎదురుగా పట్టుకుని, గాలి బుడగ ఒక్కటి లేకుండా పైకి తట్టి, ఆ సన్న గీత దగ్గర ఆపుతాం, పక్కన ఇంకో నర్సు చూసి ఔనన్నాకే ఇస్తాం. ఇంకో మెలిక ఉంది, 20 ఎంజీ సిట్రేట్ అంటే అసలు కెఫీన్ 10 ఎంజీయే, మిగతా సగం సిట్రిక్ యాసిడ్ బరువు. ఆర్డర్‌లో సిట్రేటా, ఒట్టి కెఫీనా అని రాయకపోతే డోసు రెట్టింపో సగమో అయిపోతుంది, అందుకే ఆ ఒక్క మాట కోసం డాక్టర్‌గారికి అర్ధరాత్రయినా ఫోన్ చేస్తాం.

సరదాగా లెక్కేయండి, 60 కిలోల మనిషి 200 ఎంజీ మాత్ర వేస్కుంటే కిలోకి మూడు ఎంజీ చిల్లర. మా బిడ్డ మొదటి డోసులో కిలోకి 10 అందుకుంటుంది, అంటే మనకన్నా మూడు రెట్లు. అయినా అది క్షేమంగా ఉంటుంది, కారణం బిడ్డకి ఉజ్జాయింపుగా కాకుండా బరువు తూచి ఇస్తాం, గుండె వేగం 180 దాటితే తర్వాతి డోసు ఆపి డాక్టర్‌ని అడుగుతాం, మానిటర్ మీద నుంచి కన్ను తీయం. ఆ పిల్లల్లో సగం మందు పోవడానికి 100 గంటల దాకా పడుతుంది, లివర్ ఇంకా ఎదగలేదు కాబట్టి, అందుకే రోజుకి ఒక్క డోసు చాలు, మందు ఆపాక కూడా 5 నుంచి 7 రోజులు ఊపిరి ఎలా ఉందో చూసి గానీ ఇంటికి పంపరు. తల్లులు అడుగుతారు, మందు ఆపేశారుగా సిస్టర్, ఇంకా ఎందుకు ఉంచుతున్నారు అని, ఇదేనమ్మా కారణం అని చెప్తాను.

పనిచేస్తుందా అంటే, ఈ వయసు పిల్లల మందుల్లో ఇంత గట్టి రుజువున్నవి తక్కువ. 500 నుంచి 1250 గ్రాముల బరువుతో పుట్టిన 2006 మంది పిల్లల మీద జరిగిన క్యాప్ ట్రయల్ ఫలితాలు 2006, 2007ల్లో వచ్చాయి. ఊపిరితిత్తులు దెబ్బతిని చాలాకాలం ఆక్సిజన్ అవసరమయ్యే జబ్బు కెఫీన్ ఇవ్వని పిల్లల్లో నూటికి 47 మందికి వస్తే, ఇచ్చినవాళ్ళలో 36కి తగ్గింది. ఏడాదిన్నర దాటాక చూస్తే సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్ళూ చేతుల కదలిక అదుపు తప్పే జబ్బు, 7.3 శాతం నుంచి 4.4కి దిగింది. మొదట్లో కొన్ని వారాలు బరువు కొంచెం తక్కువ పెరిగారు, తర్వాత సర్దుకుంది. అంతకుముందు వాడిన థియోఫిలిన్‌తో మాటిమాటికీ రక్తం తీసి మందు ఎంతుందో చూడాల్సొచ్చేది, పనిచేసే డోసుకీ విషమయ్యే డోసుకీ తేడా తక్కువ కాబట్టి. కెఫీన్‌కి ఆ తేడా బాగా ఎక్కువ. డబ్ల్యూహెచ్‌ఓ అత్యవసర మందుల లిస్టులో కెఫీన్ సిట్రేట్ ఉండటం ఊరికే కాదు.

మళ్ళీ మాత్రల దగ్గరికి వస్తే, తలనొప్పికి కెఫీన్ మాత్ర వేస్కోవచ్చా అని చాలామంది అడుగుతారు. ఒంటరిగా కాదు. ఆస్పిరిన్ 250, పారాసిటమాల్ 250, కెఫీన్ 65 ఎంజీ కలిపిన మాత్రలు తలనొప్పికి, మైగ్రేన్‌కి పాతకాలం నుంచీ ఉన్నాయి. నొప్పి మాత్రకి 100 ఎంజీ లేదా ఎక్కువ కెఫీన్ తోడైతే బాగా తగ్గినవాళ్ళు నూటికి ఇంకో 5 నుంచి 10 మంది ఎక్కువ అని 2014 కాక్రేన్ రివ్యూలో ఉంది, చిన్న లాభమే, కానీ నిజమైన లాభం. వెన్నులో సూది గుచ్చాక వచ్చే తలనొప్పికి కూడా ఒక్కోసారి కెఫీన్ ఇస్తారు, కాస్త ఉపశమనం ఉంటుంది, నిలవకపోవచ్చు. ఉబ్బసం ఉన్నవాళ్ళకి శ్వాసనాళాలు కొంచెం తెరుచుకుంటాయి, నాలుగు గంటల దాకా, కానీ దాన్ని నమ్ముకుని ఇన్‌హేలర్ పక్కన పెట్టారో ప్రాణం మీదకి వస్తుంది. ఊపిరితిత్తుల టెస్టుకి వెళ్ళేముందు మాత్రం కనీసం నాలుగు గంటలు కెఫీన్ ఆపాలి, లేకపోతే రిజల్ట్ ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. ఆటలాడేవాళ్ళ మాట కూడా ఒక ముక్క, పోటీకి గంట ముందు కిలోకి 3 నుంచి 6 ఎంజీ పనిచేస్తుందనే రుజువుంది, 2004లో కెఫీన్ని ఆటల్లో నిషేధించిన మందుల లిస్టులోంచి తీసేశారు.

కలిపిన నొప్పి మాత్రలతో జాగ్రత్త ఏంటంటే నెలలో పది రోజులు, అంతకుమించి, మూడు నెలలకి పైగా వాడుతూ పోతే ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయి. ఒట్టి కెఫీన్‌తో ఇంకో రకం. రోజూ 100 ఎంజీ అలవాటైనా చాలు, ఆపిన 12 నుంచి 24 గంటల్లో తల పగిలిపోతుంది, ఒకటి రెండు రోజులకి పీక్, రెండు నుంచి తొమ్మిది రోజులు ఉండొచ్చు, నీరసం, చిరాకు, ఏకాగ్రత లేకపోవడం కూడా. నైట్ డ్యూటీలు చేసే మావాళ్ళకి సరిగ్గా సెలవు రోజునే తలనొప్పి ఎందుకొస్తుందో అర్థమయిందిగా. దానికి మందు ఒక్కసారి మానేయడం కాదు, కొన్ని రోజులకోసారి పావు వంతు తగ్గించుకుంటూ రావడం, గీత ఉన్న మాత్ర ఇక్కడ కూడా పనికొస్తుంది.

పొడి గురించి గట్టిగా చెప్పాలి. అదే కెఫీన్‌ని ఒట్టి పొడిగా ప్యాకెట్లలో కొనేవాళ్ళున్నారు, దయచేసి వద్దు. ఒక టీస్పూన్ పొడిలో సుమారు 28 కప్పుల కాఫీ అంత కెఫీన్ ఉంటుంది, అమెరికాలో 2014లో ఇద్దరు కుర్రాళ్ళు ఆ పొడితో చనిపోయారు, 2018లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జనానికి అలా విడిగా అమ్మడం మీద కఠినంగా దిగింది. చదువుకున్నవాళ్ళం, కొలుచుకోగలం అనుకుంటారా, బ్రిటన్‌లో నార్తంబ్రియా యూనివర్సిటీలో 2015లో ప్రయోగం కోసం ఇద్దరు విద్యార్థులకి 0.3 గ్రాములు ఇవ్వబోయి 30 గ్రాములు ఇచ్చారు, మొబైల్‌లో లెక్క వేస్తే చుక్క జరిగింది, వంద రెట్లు. ఇద్దరినీ ఐసీయూలో పెట్టి డయాలిసిస్ చేసి బతికించారు, 2017లో యూనివర్సిటీకి 4 లక్షల పౌండ్ల జరిమానా పడింది. అంతకుముందు అదే పనికి వాళ్ళు మాత్రలే వాడేవాళ్ళు, పొడికి మారాకే ఇలా జరిగింది. మాత్రకి ఉన్న అసలు భద్రత ఇదే, కొలత ముందే అయిపోయి ఉంటుంది.

ఎవరైనా ఎక్కువ వేస్కున్నారని తెలిస్తే, వాంతులు ఆగకపోయినా, గుండె లయ తప్పినట్టున్నా, వణుకు ఎక్కువైనా, మాట తడబడినా ఇంట్లో నీళ్ళు తాగించి చూద్దాం అని కూర్చోకండి. దీనికి విరుగుడు మందు లేదు, తొందరగా వెళ్తే బొగ్గు మందు తాగిస్తారు, పొటాషియం పడిపోతుంది కాబట్టి రక్తం చూస్తారు, గుండెకి, ఫిట్స్‌కి మందులిస్తారు, మరీ ముదిరితే డయాలిసిస్‌తో కెఫీన్‌ని బయటకి లాగుతారు. డబ్బా చేత్తో పట్టుకుని వెళ్ళండి, ఎన్ని మిగిలాయో వాళ్ళకి కావాలి.

కొనొద్దు అని నేను చెప్పేది గుండె లయ సమస్య ఉన్నవాళ్ళకి, పానిక్ అటాక్స్ వచ్చేవాళ్ళకి, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి డాక్టర్ని అడగకుండా. మానసిక వైద్యంలో ఇచ్చే లిథియం వాడేవాళ్ళు కెఫీన్ మొదలుపెట్టినా, ఉన్నట్టుండి మానేసినా డాక్టర్‌కి చెప్పాలి, కెఫీన్ మానితే రక్తంలో లిథియం పెరుగుతుంది. అలాంటిదే ఇంకో మందు క్లోజపిన్ వాడేవాళ్ళకి కెఫీన్ ఎక్కువైతే ఆ మందు ఒంట్లో పెరుగుతుంది. అడినోసిన్ లాంటి మందుతో గుండె స్ట్రెస్ టెస్టు ఉంటే 12 నుంచి 24 గంటల ముందు నుంచే కెఫీన్ ఏ రూపంలోనూ వద్దు, హాస్పిటల్ వాళ్ళు చెప్పిన టైమే ఫైనల్, లేదంటే టెస్టు తప్పు చూపిస్తుంది, మళ్ళీ చేయాల్సొస్తుంది.

రేటింగ్ అంటే, మాత్రకి 5కి 4 ఇస్తాను, కొలత ఖచ్చితం, సగం చేస్కోవచ్చు, చెప్పిన పని చేస్తుంది. డబ్బాకి 2, అంతకన్నా ఇవ్వలేను. నా డబ్బా మూత మామూలు తిప్పుడు మూత, చిన్నపిల్లలు తీయలేని లాక్ మూత పెట్టలేదు, మాత్రలేమో తెల్లగా బిళ్ళల్లాగా ఉన్నాయి, ఇంట్లో పిల్లలుంటే బీరువాలో పైన పెట్టి తాళం వేయండి. కంపెనీవాళ్ళు ఎవరైనా చదువుతుంటే నేను అడిగేది రెండే, ఆ మూత మార్చండి, "పడుకునే టైమ్‌కి కనీసం 8 గంటల ముందే వేస్కోండి" అని డబ్బా ముందు వైపు అచ్చు వేయండి.